‘స’ అంటే సక్కగుంది

మదీనాగూడలో మేము అద్దెకున్న ఇల్లు ఒక ప్లైవుడ్ దుకాణం మీద ఉండేది. కింద దుకాణం, దాని వెనక రెండు గదుల్లో ఇంటి ఓనరు, ఆయన భార్య. పైన మేమిద్దరం. ఎదురుగా బొంబాయి హైవే. లారీ వెళ్లినప్పుడల్లా మా వంటింట్లో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. పెళ్లయి రాజమండ్రి నుంచి వచ్చిన కొత్తలో ఆ చప్పుడుకు ఉలిక్కిపడేదాన్ని. తర్వాత చప్పుడు ఆగితే ఉలిక్కిపడటం అలవాటైంది.

ఓనరుగారిది ఆ ఊరే. హఫీజ్‌పేట్ వైపు ఉన్న పొలాన్ని ఇళ్లు కట్టేవాళ్లకు అమ్మేసి, ఈ మేడ కట్టి, ఇంతమంది ఇళ్లు కడుతున్నారంటే అందరికీ తలుపులు కావాలి కదా అని కింద ప్లైవుడ్ పెట్టారు. ఆయనకు వరి తెలుసు, గేదెలు తెలుసు. ప్లైవుడ్ గురించి తెలిసిందల్లా అది ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉంటుందని మాత్రమే. ఎవరైనా వచ్చి ఏ రకం మంచిదని అడిగితే, “నాక్కూడ గదే సమజైతలేదు” అని నిజాయితీగా చెప్పేవారు. జనానికి ఆ మాట నచ్చేది. బేరం బాగానే నడిచేది.

మావారు మాదాపూర్ వైపు కొత్తగా పెట్టిన ఒక కంప్యూటర్ కంపెనీలో పనిచేసేవారు. రెండు వేల సంవత్సరం వచ్చేలోగా, పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని ఎక్కడెక్కడ రెండంకెలతో రాశారో వెతికి నాలుగంకెలు చేయడం వాళ్ల పని. సాయంత్రం ఇంటికొచ్చాక “ఇవాళ ఏం చేశారండీ?” అంటే, “పంతొమ్మిదులు పెట్టాను” అనేవారు. మర్నాడు అడిగినా అదే జవాబు. కొన్నాళ్లకు నేను అడగడం మానేశాను.

ఒకరోజు విదేశం నుంచి క్లయింట్లు వచ్చారని కంపెనీవాళ్లు పెద్ద హోటల్లో విందు ఇచ్చారు. మావారు అక్కణ్ణుంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా హాలు మధ్యలో నిలబడ్డారు.

“అక్కడ ముగ్గురు వాయిస్తున్నారు. ఒకాయన దగ్గర మనిషికన్నా ఎత్తు వయొలిన్ ఉంది. నేలమీద నిలబెట్టి వేళ్లతో లాగుతున్నాడు. ఆ శబ్దం చెవుల్లోకి రాలేదు. బూట్లలోంచి వచ్చింది” అన్నారు.

“దాన్ని డబుల్ బేస్ అంటారండీ” అన్నాను. నేను వయొలిన్‌లో డిప్లొమా చేసినదాన్ని. ఆ పెట్టె పెళ్లి సామానుతోపాటు వచ్చి అటక మీద ఉంది. లారీల మధ్య శ్రుతి చేసుకోవడం కుదరక దాన్ని కిందికి దించలేదు.

“అలాంటిది ఒకటి చేస్తాను” అన్నారాయన.

కొంటాను అనలేదు, నేర్చుకుంటాను అనలేదు. చేస్తాను అన్నారు. పొద్దస్తమానం పంతొమ్మిదులు పెట్టే మనిషికి చేత్తో పట్టుకునే వస్తువు ఏదైనా చేయాలనిపించిందేమోనని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు మాత్రం విందులో ఏం తాగారో అనుకున్నాను.

ఆయన ఆఫీసు ఇంటర్నెట్లో వెతికి, కట్టెడు కాగితాల మీద దాని కొలతలన్నీ ముద్రించి తెచ్చారు. అన్నిటినీ జిగురుతో అతికిస్తే హాలు నేలంతా పరుచుకునే బొమ్మ తయారైంది. దాన్ని తొక్కకూడదు. భోజనాలు దాని నడుము పక్కన కూర్చుని చేసేవాళ్లం. ఆ కాగితాల ప్రకారం, ఖరీదైన బేసులు దేవదారు లాంటి కలపను చెక్కి చేస్తారు. మామూలువాళ్లు ప్లైవుడ్‌తో చేసుకోవచ్చు. పల్చగా ఉండాలి, వంచితే వంగాలి, పొరల మధ్య ఖాళీలు ఉండకూడదు, కొడితే మోగాలి. బర్చ్ అనే చెట్టుదైతే శ్రేష్ఠం.

ఆ చివరి వాక్యం చదివి మావారు మెట్లు దిగి కిందికి వెళ్లారు. నేనూ వెనకే వెళ్లాను.

“బర్చ్ ఉందా అండీ?”

“బర్చో గిర్చో నాకు తెల్వది సారూ” అన్నారు ఓనరుగారు. “కమర్షియల్ ఉన్నది. నీళ్లు వడ్డా పాడుగానిది ఉన్నది. ఏం జేస్తరు, మంచమా, బీర్వానా?”

“వయొలిన్ అండీ. పెద్దది.”

ఓనరుగారు కాసేపు ఆలోచించి, “తలుపులు ఎన్ని వెడ్తరు దానికి?” అని అడిగారు.

మావారు జేబులోంచి చిన్న బొమ్మ తీసి చూపించారు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, భార్యను కేకేసి పిలిచారు. ఆవిడ చేతికి పిండితో వచ్చి చూసి, “గిదేంది, ఆడమనిషి లెక్కున్నది” అని లోపలికి వెళ్లిపోయారు. ఆ మాటతో ఓనరుగారికి విషయం అర్థమైనట్టు అనిపించింది. ఏం అర్థమైందో మాకు తెలియలేదు కానీ రెండు కుర్చీలు వేయించి చాయ్ తెప్పించారు.

అలా మొదలైంది. మావారు ఒక్కో షీటునూ గోడకు ఆనించి వేలి కణుపులతో కొట్టి చెవి పెట్టేవారు. ఇబ్బంది ఏమిటంటే ఆయనకు శ్రుతిజ్ఞానం బొత్తిగా లేదు. ఇంట్లో కాలింగ్ బెల్ మోగితే ఫోన్ ఎత్తే మనిషి. పది నిమిషాలు కొట్టి, “అన్నీ టక్ అనే అంటున్నాయే” అని నా వైపు చూశారు.

నేను లేచి ఒక షీటు మీద కొట్టాను. బీరువాల వెనక దిగ్గొట్టే పల్చటి రకం. తడిసిన గోనెసంచి మీద కొట్టినట్టుంది. ఇంకోటి కొట్టాను. అది కాస్త నయం, ఎక్కడో దూరంగా ఒక స్వరం ఉంది. గొంతులో శ్రుతి పట్టుకుని చూస్తే అది నా పంచమం. గుర్తు ఉండాలని సుద్దముక్కతో మూలన ‘ప’ అని రాశాను. పక్కదాని మీద ‘గ’. దాని పక్కది మొద్దుగా ఉన్నా షడ్జమానికి దగ్గర, అందుకని ‘స’. ఆ పూట దుకాణంలో ఉన్నవాటిలో సగం షీట్ల మీద అక్షరాలు పడ్డాయి. బేస్‌కు పనికొచ్చేది మాత్రం ఒక్కటీ లేదు. అన్నిటిలో ఏదో ఒక స్వరం ఉంది, కానీ కొట్టిన వెంటనే చచ్చిపోతోంది. మాకు కావాల్సింది కొట్టాక కాసేపు బతికే చెక్క.

మర్నాడు మధ్యాహ్నం నేను కూరగాయలకని దిగేసరికి ఓనరుగారు ఒక కొనేవాడితో మాట్లాడుతున్నారు.

“ఇది తీస్కో. ‘ప’ అంటే పర్వాలేదు అన్నట్టు. ఇంకా మంచిది గావాల్నంటే గిది జూడు, ‘స’. సక్కగుంది.”

“మరి ఇది?”

“అది ముట్టకు. ‘గ’. గలీజు.”

నేను అక్కడే ఆగిపోయాను. ఆ మనిషి ‘స’ షీటు మోయించుకుని వెళ్లాక, “బాబాయిగారూ, అవి స్వరాలండీ. సరిగమలు. ‘గ’ అంటే గాంధారం. మంచీ చెడూ కాదు” అన్నాను.

“గట్లనా?” అన్నారాయన. బుర్ర గోక్కున్నారు. “మరి గాంధారం అన్నవు గద, అది మంచిదేనా?”

“మంచిదేనండీ. అన్నీ మంచివే.”

“అన్నీ మంచియే అంటే గిరాకీ నమ్మడు బిడ్డా” అన్నారు ఓనరుగారు ఎంతో ఓపిగ్గా. “ఒకటన్న గలీజుండాలె.”

వారం తిరిగేసరికి ఆయన మొత్తం ఖాయం చేసేశారు. ‘స’ సక్కగుంది, ‘మ’ మస్తుగుంది, ‘ప’ పర్వాలేదు, ‘ద’ దండుగ, ‘రి’ రిటర్న్, ‘గ’ గలీజు. ‘ని’ దగ్గర మాత్రం చాలా రోజులు ఇబ్బంది పడ్డారు. చివరికి నిమ్మళంగా అమ్మాలె అని తేల్చారు. కొత్త సరుకు దిగినప్పుడల్లా మెట్ల కింద నిలబడి, “బిడ్డా, జర కిందికొస్తవా, చెక్కలొచ్చినయ్” అని పిలిచేవారు. నేను స్టవ్ తగ్గించి, చీర కొంగు దోపుకుని దిగి, షీట్లన్నిటినీ కొట్టి అక్షరాలు రాసి వచ్చేదాన్ని. గాంధారం షీట్లు ఆ ప్రాంతపు కోళ్ల గూళ్లన్నిటికీ పోయాయి.

వద్దని చెప్పొచ్చు కదా అంటే, చెప్పొచ్చు. కానీ ఆ నగరానికి వచ్చాక నన్నెవరూ ఏ విషయంలోనూ అభిప్రాయం అడగలేదు. ఇక్కడ పెద్ద పెద్ద మీసాలున్న వడ్రంగులు చేతులు కట్టుకుని నిలబడి నా వేలి కణుపుల వైపు చూసేవాళ్లు. నన్ను చెక్క మేడం అనేవాళ్లు. నేను గుమ్మంలోకి రాగానే ఎవరో ఒకరు రేడియో కట్టేసేవారు.

అప్పుడే ఒక కాంట్రాక్టరు వచ్చాడు. కొండాపూర్ దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి మీటింగు గదులు కడుతున్నాడు. మర్యాదస్థుడు, భీమవరం వైపు మనిషి.

“మేడం గారండీ, మా కంపెనీ మేనేజరు గారు చాలా పట్టింపు మనిషండి. అన్నీ ఒకే క్వాలిటీ ఉండాలంటున్నారండి. నాకు మొత్తం ‘స’ ఇప్పించండి” అన్నాడు.

“అది క్వాలిటీ కాదండీ” అని మొదలుపెట్టాను.

వెనక నుంచి ఓనరుగారు గట్టిగా దగ్గారు.

నేను ఆ మధ్యాహ్నమంతా కూర్చుని ఒక మీటింగు గదికి సరిపడా షడ్జమాన్ని ఏరి ఇచ్చాను. నిజం చెప్పాలంటే చాలా శ్రద్ధగా ఏరాను. ఒకటి కాస్త హెచ్చుగా ఉందని పక్కన పెట్టేశాను కూడా.

కొన్నాళ్లకు అతను తిరిగి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

“గది పాడుతోందండి” అన్నాడు.

విషయం ఏమిటంటే ఆ గదిలో ఏసీ వేస్తే అది సన్నగా గుంయ్ అనేది. దానికి నాలుగు గోడలూ కలిసేవి. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ మేనేజరుగారిది బొంగురు గొంతు. ఆయన మాట్లాడినప్పుడల్లా ఏవో కొన్ని మాటలకు గోడలు కూడా వంత పాడేవట. ‘గడువు’ అంటే ఏమీ లేదు. ‘బడ్జెట్’ అంటే గదంతా బోమ్మని అనేది. ఉద్యోగులు నవ్వు ఆపుకోలేక బయటికి పోతున్నారట. ఇద్దరు మాత్రం పని లేకపోయినా మధ్యాహ్నం భోజనం చేశాక ఆ గదిలోకి వెళ్లి కళ్లు మూసుకుని కూర్చుంటున్నారట.

ఓనరుగారు అంతా విని నా వైపు తిరిగారు. “ఏం జేద్దాం బిడ్డా?”

“నాలుగు గోడలూ ఒకే శ్రుతిలో ఉంటే అలాగే అవుతుందండీ. మధ్యమధ్య వేరేవి కలపాలి” అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. కాంట్రాక్టరు భుజం మీద చెయ్యి వేసి, “ఫికర్ జెయ్యకు. గలీజు షీట్లు నాలుగు కలుపు. అంత సాఫైతది” అన్నారు. అతను చేతులెత్తి దణ్ణం పెట్టి నాలుగు గాంధారాలు మోయించుకుని వెళ్లాడు. గది నిజంగానే నోరు మూసుకుంది. ఆ తర్వాత గలీజుకు కూడా గిరాకీ వచ్చింది.

ఇంత జరుగుతున్నా మా బేస్ మాత్రం హాలు నేల మీద కాగితంగానే ఉంది. మావారు సెలవు రోజు స్కూటరు మీద నన్ను ఎక్కించుకుని హైవే పొడుగునా ఉన్న దుకాణాలన్నీ తిప్పారు. ఒక దుకాణంలో నేను కొడుతుంటే, చెదలు పట్టిందని అనుమానిస్తున్నామనుకుని ఆ యజమాని పోట్లాటకు దిగాడు. ఇంకోచోట అప్పటికే మా సంగతి తెలిసిపోయి, “మీరు ఆ సరిగమల దుకాణం మనుషులేగా” అని షట్టరు సగం దించేశారు. ఎక్కడా బతికే చెక్క దొరకలేదు.

దొరికింది ఎక్కడంటే, మా బాల్కనీ కింద.

ఒక ఉదయం నేను బాల్కనీ పిట్టగోడ మీంచి కాళ్లు తుడుచుకునే పట్టాను దులుపుతున్నాను. పట్టా కొస కింద దేనికో తగిలింది. బోమ్‌మ్‌మ్ అని ఒక శబ్దం వచ్చి, వెంటనే పోకుండా, గాలిలో అలా నిలబడి మెల్లగా సన్నబడింది. నేను మళ్లీ కొట్టాను. మళ్లీ వచ్చింది. మూడోసారి కావాలని గట్టిగా కొట్టాను. ఈసారి కింద నుంచి ఓనరమ్మగారు, “ఏందమ్మా, బోర్డు మీద గిట్ల కొడ్తున్నవ్?” అని అరిచారు.

అది దుకాణం బోర్డు. పచ్చరంగు మీద ఎర్ర అక్షరాలు. పైన పెద్దగా ‘ప్లైవుడ్’, దాని కింద ‘అన్ని రకములు దొరకును’. నేను లోపలికి పరుగెత్తి, గడ్డం గీసుకుంటున్న మావారిని సబ్బు నురగతోనే లాక్కొచ్చాను. ఆయన కూడా పిట్టగోడ మీంచి వంగి కొట్టారు. బోమ్‌మ్‌మ్ అంది.

“ఇది టక్ అనలేదే” అన్నారాయన.

నిచ్చెన వేయించి చూస్తే ఆ బోర్డు దుకాణంలో అమ్మే రకం కాదు. మాదాపూర్‌లో ఏదో ఆఫీసుకు విదేశం నుంచి యంత్రం వచ్చినప్పుడు దాన్ని ప్యాక్ చేసిన పెట్టె తాలూకు చెక్క అది. ఓనరుగారు పాత సామాను వాడి దగ్గర తెచ్చి, మంచి సరుకు అమ్ముకోవాలి గాని బోర్డుకు వాడటమెందుకని దాంతో కానిచ్చేశారట. వెనకవైపు తడవకూడదన్నట్టు గొడుగు బొమ్మ, ఏదో అర్థంకాని భాష ఉన్నాయి. పల్చగా, తేలిగ్గా, ఎండకు ఎండి గలగల్లాడుతోంది. అది బర్చేనని మావారు ఈనాటికీ ఒట్టు వేసి చెబుతారు. ఏ చెట్టో మాకు తెలియదు.

“బాబాయిగారూ, మాకు ఆ బోర్డు కావాలండీ” అన్నాను.

ఆయన చాయ్ కప్పు కింద పెట్టేశారు. “దుకాణం నిండ చెక్కలు వెట్టుకుని బోర్డు అడుగుతవేంది బిడ్డా?”

“మోగేది అదొక్కటేనండీ.”

“బోర్డు లేకుంటే ఇది దుకాణమని ఎట్ల తెలుస్తది?”

“చెక్కలు కనిపిస్తాయి కదండీ” అన్నారు మావారు.

“చెక్కలు కనవడ్తె కట్టెల అడ్డా అనుకుంటరు సారూ.”

వాదన రెండు మూడు రోజులు సాగింది. ఒకరోజు ఆయన తనే నిచ్చెనెక్కి బోర్డును వేలితో కొట్టి, తల పక్కకు వంచి, అది ఆగేదాకా విన్నారు. ఇంకోసారి కొట్టారు. కింద భార్య, “వాళ్లకిచ్చెయ్యరాదు, రోజు నిచ్చెనెక్కుతున్నవు, నడుము విరుగుతది” అన్నారు. దిగి వచ్చి ఒక షరతు పెట్టారు. బోర్డు ఇస్తాను, కానీ అక్షరాలు చెరపకూడదు, లోపలివైపు పెట్టకూడదు, తలకిందులు చేయకూడదు. జనం చదవగలిగేలా ఉండాలి.

మావారు ఒప్పుకున్నారు. కాగితపు బొమ్మను బోర్డు మీద పరిచి పెన్సిలుతో గీశారు. ఎత్తుకు బోర్డు సరిగ్గా సరిపోయింది. కానీ వెడల్పుకు అక్షరాలన్నీ ముందువైపు పట్టలేదు. చాలాసేపు జరిపి జరిపి చూశాక తేలిందేమిటంటే, బేస్ ముందువైపు ‘ప్లై’, దాని కింద ‘అన్ని రక’. వెనకవైపు ‘వుడ్’, దాని కింద ‘ములు దొరకును’.

“మొత్తం సదవాల్నంటే?” అన్నారు ఓనరుగారు.

“చుట్టూ తిరగాలండీ.”

“జనం ఎందుకు తిరుగుతరు సారూ? నువ్వే తిప్పు.”

అది కూడా షరతులో చేరింది.

చేయడానికి చాలా నెలలు పట్టింది. పక్కలకు కోసిన పట్టీలను నీళ్ల డ్రమ్ములో నానబెట్టి, నా ఇడ్లీ గిన్నె ఆవిరి పట్టించి, మావారు మోకాలి మీద మెల్లగా వంచేవారు. కొన్ని విరిగాయి. ఇడ్లీలకు కూడా ఆ చెక్క వాసన పట్టింది. ఓనరుగారి పాత గేదెల కొట్టం ద్వారబంధం మెడ అయింది. అన్నీ కలిపి జిగురు పెట్టేరోజు కింద దుకాణంలోనే చేశాం, పైన చోటు చాలక. అది ఎండేదాకా పైనుంచి బరువు ఉండాలి. రోలు పెట్టాం, తిరగలి పెట్టాం, గ్యాసు బండ పెట్టాం. ఒక మూల ఇంకా లేస్తూనే ఉంది.

“జరుగున్రి” అని ఓనరుగారు దాని మీద ఒక పలక వేసుకుని కూర్చున్నారు.

ఆయన మంచి బరువు. మూల దిగింది. జిగురు ఆరేదాకా లేవకూడదన్నారు మావారు. ఆయన అక్కడే కూర్చుని భోజనం చేశారు, అక్కడే కూర్చుని తలుపులు అమ్మారు. ఎవరో పోట్లాడటానికి వచ్చి, రోలుకూ గ్యాసు బండకూ మధ్య నిటారుగా కూర్చున్న ఆయన్ని చూసి, ఏదో పూజ జరుగుతోందనుకుని చెప్పులు విప్పి నిలబడ్డాడు. కోపంగా మాట్లాడలేక వెళ్లిపోయాడు.

తీగలు జర్మనీ నుంచి వచ్చాయి. మావారి ఆఫీసులో ఒకాయన అక్కడికి పనిమీద వెళ్లి తెచ్చిపెట్టాడు. బట్టలారేసుకునే తీగల కోసం అంత దూరం చెప్పి పంపాలా అని తెచ్చేటప్పుడు విసుక్కున్నాడట. బిగించాక మావారు మొదటి తీగ లాగారు. వంటింట్లో గ్లాసులు కదిలాయి. లారీ ఏదీ పోవడం లేదు. ఆయన బూట్లు తెచ్చుకుని వేసుకుని ఇంకోసారి లాగారు. “వచ్చింది” అన్నారు. నేను కాఫీ కలపడానికి వెళ్లి, డబ్బా మూత తీసి పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాను.

అయితే ఆయనకు వాయించడం రాలేదు. కొన్నాళ్లు ప్రయత్నించారు, వేళ్లు బొబ్బలెక్కాయి. చివరికి, “నాకు చేయాలని ఉండింది, చేశాను. వాయించేది నువ్వే” అని నాకిచ్చేశారు. వయొలిన్ మీద నేర్చుకున్నదంతా ఇక్కడ పనికిరాదు. ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ మధ్య జానెడు దూరం. నిలబడి, కౌగిలించుకున్నట్టు పట్టుకోవాలి. పట్టుకుంటే శబ్దం డొక్కలోకి వస్తుంది. ఓనరమ్మగారు పప్పు ఏరుకుంటూ మా గుమ్మంలో కూర్చునేవారు. “కడుపుల గేదె అరిచినట్టున్నది, మంచిగున్నది” అనేవారు. నాకు దొరికిన మొదటి మెచ్చుకోలు అది.

ఆ ఏడాది మావారి కంపెనీ వార్షికోత్సవంలో ఉద్యోగుల కుటుంబాలు ఏదైనా ప్రదర్శించాలన్నారు. మావారు నా పేరిచ్చి వచ్చారు. మాదాపూర్‌లో ఆఫీసు వెనక ఖాళీ జాగాలో, బండరాళ్ల మధ్య షామియానా వేశారు. ముందు వరసలో ఓనరుగారు, తెల్లటి పంచె, ఆవిడ పట్టుచీర. వాళ్ల పక్కన విదేశీ క్లయింట్లు.

నేను మోహన రాగం ఎత్తుకున్నాను. మొదట ఎవరికీ ఏమీ వినిపించలేదు. మావారు మైకును తెచ్చి చెక్కకున్న కన్నంలోకి దూర్చారు. అప్పుడు వినిపించింది. షామియానా గుంజలు కూడా కొంచెం కదిలాయని తర్వాత చెప్పారు. కానీ నాకు కనిపించినదేమిటంటే, జనం నన్ను వినడం లేదు. చదువుతున్నారు. పెదాలు కదుపుతూ “ప్లై… అన్ని రక…” అంటున్నారు. ముందు వరసలోంచి ఓనరుగారు గాలిలో వేలు గుండ్రంగా తిప్పి సైగ చేశారు.

షరతు షరతే. ఆలాపన మధ్యలో, షడ్జమం మోగుతుండగా, నేను బేస్‌ను దాని కాలి మీద గిర్రున తిప్పాను.

“వుడ్!” అన్నారు జనం, అంతా ఒక్కసారిగా. “ములు దొరకును!” చప్పట్లు మోగాయి. ఈలలు కూడా వేశారు. విదేశీ క్లయింట్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇంకోసారి తిప్పమని వెనక నుంచి ఎవరో అరిచారు. తిప్పాను. నా జీవితంలో నేను కచేరీ చేసింది అదొక్కటే, అందులో జనం అడిగి మరీ తిప్పించుకున్నారు. కిందికి దిగాక నలుగురు నా దగ్గరికి వచ్చారు. అందులో ముగ్గురు వంటింటి అలమరలకు ఏ రకం వాడమంటారని అడిగారు. నాలుగో ఆమె మాత్రం కాసేపు నిలబడి, “నాకెందుకో ఏడుపొచ్చిందండీ” అని, సిగ్గుపడి వెళ్లిపోయింది. ఓనరుగారు ఆ ముగ్గురినీ చాయ్ దగ్గరికి తీసుకెళ్లారు.

తిరిగి వచ్చేటప్పుడు బేస్‌ను ట్రాలీ ఆటోలో ఎక్కించాం. మావారు స్కూటరు మీద ముందు వెళ్లారు. అది దొర్లకుండా నేను వెనక కూర్చుని పట్టుకున్నాను. ఇంకా వెలుతురు ఉంది. కొత్తగూడ దాటాక రోడ్డు ఖాళీగా ఉంటే డ్రైవరు జోరు పెంచాడు. గాలి తీగల మీదుగా కొట్టడం మొదలుపెట్టింది. మొదట సన్నగా, తర్వాత లావుగా, ఊఁ అని ఒకటే నాదం.

ఆటో ఆగింది. డ్రైవరు దిగి ఇంజను మూత ఎత్తి లోపలికి చూశాడు. “ఏందో సప్పుడైతుందమ్మా” అన్నాడు. ఏదో బిగించాడు. బయల్దేరాం. జోరందుకోగానే మళ్లీ ఊఁ అంది. మళ్లీ ఆపి దిగాడు. చక్రాలను తన్ని చూశాడు, గొట్టం దగ్గర వంగి విన్నాడు. ఆగిన బండిలో చప్పుడేం ఉంటుంది? పాపం తెగ పరేషాన్ అయ్యాడు.

చెబుదామనుకున్నాను. కానీ ఏమని చెప్పాలి? మూడోసారి బండి కదిలినప్పుడు నాలుగు తీగల మీదా అరచెయ్యి అదిమి పెట్టాను.

కొంతదూరం పోయాక అతను అద్దంలోంచి చూసి నవ్వాడు. “చూసినవా అమ్మా, ఆ నట్టే. నా బండి నా మాట ఇంటది.”

“అవునండీ, బాగా చేశారు” అన్నాను.

హఫీజ్‌పేట్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి తిమ్మిరెక్కి తీసేశాను. ఆటో మళ్లీ ఆగింది.